రాణి రక్తపిశాచి అయితే అద్దంతో ఆమెకేం పని?

అడిగిన ప్రశ్న ఇదీ: స్నో వైట్ కథలో సవతితల్లిని రక్తపిశాచిగా మార్చి, 13 నుంచి 17 ఏళ్ళ పాఠకుల కోసం నవల రాస్తున్నారు. 8 అధ్యాయాలు, దాదాపు 22,000 పదాలు అయ్యాయి. చదివిన నలుగురూ "బాగానే ఉంది గానీ తర్వాత ఏమవుతుందో తెలిసిపోతోంది" అన్నారట. కథలో పట్టు పెరగడానికి తోడేలు-మనుషుల తెగని, ఒక శాపగ్రస్త కోటని కలపాలా అని అడుగుతున్నారు.

కలపొద్దు. మీ కథలో దెయ్యాలు తక్కువ కాలేదు. ఉన్న ఒక్క రక్తపిశాచికీ చేతినిండా పని లేదు. మీరిచ్చిన సారాంశంలో రాణికి కోరలున్నాయి, రాత్రిళ్ళు తిరుగుతుంది, అంతే. ఆవిడ స్థానంలో మామూలు మంత్రగత్తెని పెట్టి చదివి చూడండి, ఒక్క సన్నివేశం కూడా మారదు. అద్దం అదే జవాబు చెబుతుంది, వేటగాడు అలాగే జాలిపడతాడు, పిల్ల అలాగే మూడుసార్లు మోసపోతుంది. రక్తపిశాచుల నవలలు బాగా ఆడుతున్నాయని మన రాణికీ కోరలు తగిలిస్తే పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే ఉంటుంది.

మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఈ కథాంశం ఎన్నో దేశాల్లో ఉంది, జానపద కథల అంతర్జాతీయ సూచికలో దీనికి 302 అని నంబరు కూడా ఇచ్చారు. తిరగరాతకి కూర్చున్నవాళ్ళు ముందు వెతకాల్సింది కథ ప్రాణం దాగిన ఈ చిలకనే. అది ఎక్కువగా పాత కథ కారణం చెప్పకుండా దాటేసిన చోట దొరుకుతుంది. నోటితో చెప్పే కథ "ఎందుకు?" అనే ప్రశ్నకి ఆగదు. రాణి అద్దాన్ని అడిగింది, అద్దం చెప్పింది, ముందుకి పోదాం. వినేవాళ్ళకి అది చాలు. మూడొందల పేజీల నవల చదివే పదిహేనేళ్ళ పాఠకురాలికి చాలదు. ఆమె ఎక్కడ "ఎందుకు?" అంటుందో అక్కడే మీ అలౌకికం కూర్చోవాలి. వేరే ఎక్కడ పెట్టినా అతుకు కనిపిస్తుంది.

అందుకని సినిమా జ్ఞాపకాన్ని పక్కనపెట్టి మూలం చదవండి. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల సంపుటి మొదటి భాగం 1812లో వచ్చింది, వాళ్ళ చేతిమీదుగా వెలువడిన చివరి కూర్పు 1857 నాటిది. స్నో వైట్ అందులో 53వ కథ. ఈ రెండు కూర్పుల మధ్య తేడాలు తిరగరాసేవాళ్ళకి గని లాంటివి. 1812లో పిల్లని చంపమన్నది సవతితల్లి కాదు, కన్నతల్లే. 1819 కూర్పులో ఆమెని సవతితల్లిని చేశారు. అద్దం మొదటిసారి మాట మార్చేనాటికి పిల్ల వయసు ఏడేళ్ళు. వేటగాడు తెచ్చిన ఊపిరితిత్తుల్ని, కాలేయాన్ని రాణి ఉప్పేసి వండించుకుని తింటుంది. అవి అడవిపంది పిల్లవని ఆమెకి తెలియదు. మరుగుజ్జులకి పేర్లు లేవు. ముద్దు అసలే లేదు. 1812లో, శవపేటికని మోసి మోసి విసిగిన నౌకరు పిల్ల వీపు మీద ఒక్కటి చరిస్తే గొంతులో ఇరుక్కున్న ఆపిల్ ముక్క బయటపడుతుంది. తర్వాతి కూర్పుల్లో మోసేవాళ్ళు పొదకి తగిలి తూలితే ఆ కుదుపుకి బయటపడుతుంది.

ఇప్పుడు ఒక కాగితం మీద కథని 15 నుంచి 20 వాక్యాల్లో రాయండి, ఒక్కో వాక్యానికి ఒక్కో సంఘటన. ప్రతి వాక్యం పక్కన "ఎందుకు?" అని వేసి, మూలంలో జవాబు ఉంటే కొట్టేయండి. స్నో వైట్ విషయంలో కొట్టేయకుండా మిగిలేవి ఇవీ: రాణి తన ముఖం తానే చూసుకోవచ్చు కదా, అద్దాన్ని అడగడమేమిటి? అంత శక్తి ఉన్న మనిషి ముసలి వేషం వేసి, ముఖానికి రంగు పూసుకుని, ఏడు కొండలు దాటి నడిచి రావడమేమిటి? మరుగుజ్జులు గనికి వెళ్ళిన పగటి పూటే ఎందుకు వస్తుంది? ఇంట్లోకి దూరి గొంతు పిసక్కుండా లేసులు (నడుము బిగించి కట్టే తాళ్ళు), దువ్వెన, ఆపిల్ అమ్ముతూ తలుపు దగ్గర బతిమాలడమేమిటి? రెండుసార్లు చావు తప్పిన పిల్ల మూడోసారి ఆపిల్ ఎందుకు తీసుకుంటుంది? పెళ్ళికి రాణిని పిలిచిందెవరు, ఆమె ఎందుకు వెళ్ళింది? నిప్పుల మీద కాల్చిన ఇనప చెప్పులు తొడిగి చచ్చేదాకా ఆడించమన్నది ఎవరు? ఈ చివరిదాన్ని మూలంలో చూడండి, ఆ వాక్యంలో కర్త లేడు. చెప్పులు అప్పటికే నిప్పుల మీద పెట్టి ఉన్నాయి, అంతవరకే చెబుతుంది.

మీరు రక్తపిశాచిని ఎంచుకోవడం తప్పు కాదు. పై చిల్లులన్నిటికీ సరిపడే మూత అదే, దాన్ని మీరు వాడుకోలేదు. రక్తపిశాచికి అద్దంలో ప్రతిబింబం ఉండదు. మరి తన ముఖం తాను చూసుకోలేని మనిషి ఎలా ఉన్నానో తెలుసుకోవాలంటే ఇంకొకర్ని అడగక తప్పదు. అద్దం ముందు నిలబడి, ఖాళీ అద్దాన్ని చూస్తూ "నేనెలా ఉన్నాను?" అని అడిగే రాణి, పిల్లలందరికీ తెలిసిన ఆ వాక్యానికి కొత్త అర్థం ఇస్తుంది. అహంకారంగా వినబడే మాట భయంగా వినబడుతుంది. దీనికి మీరు కొత్తగా ఒక్క సంఘటన కూడా కల్పించనక్కర్లేదు.

రెండోది గడప నియమం. లోపలివాళ్ళు పిలిస్తే తప్ప రక్తపిశాచి ఇంట్లో అడుగుపెట్టలేదు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల డ్రాకులాలో ఈ నియమం, ప్రతిబింబం లేకపోవడం, రెండూ ఉన్నాయి. తలుపు దగ్గర బేరసారాలన్నిటికీ కారణం దొరికిపోయింది. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. స్టోకర్ నియమం ప్రకారం ఒకసారి పిలిస్తే చాలు, ఆ తర్వాత ఎప్పుడైనా రావచ్చు. దాన్ని అలాగే వాడితే రెండో రాకకి తలుపు తియ్యాల్సిన అవసరం ఉండదు, కథ అక్కడే కూలుతుంది. కాబట్టి మీ నవలలో పిలుపు ఒక్క రాకకే చెల్లుతుందని మార్చుకోండి. మార్చిన సంగతి మొదటి రాకకి ముందే, ఎక్కడో కోటలో జరిగే చిన్న సన్నివేశంలో చూపించండి. అవసరం పడ్డాక చెప్పిన నియమాన్ని ఈ వయసు పాఠకులు మోసంగానే లెక్కేస్తారు.

మూడోది ఎండ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎండ తగిలితే రక్తపిశాచి చచ్చిపోతుందన్నది పాత నమ్మకం కాదు, 1922 నాటి నోస్ఫెరాటు సినిమాతో జనంలోకి వెళ్ళింది. స్టోకర్ పాత్ర పట్టపగలు వీధుల్లో తిరుగుతుంది, కాకపోతే పగలు దాని శక్తులు చాలావరకు అక్కరకి రావు. మీరు సినిమా నియమం తీసుకున్నారు కాబట్టే రాణి రాకల్ని రాత్రికి మార్చాల్సి వచ్చింది, రాత్రి మరుగుజ్జులు ఇంట్లోనే ఉంటారు కాబట్టి వాళ్ళని ఎక్కడికో పంపే ఏర్పాటుకి, పిల్ల ఇంకా కోటలో ఉండగానే, 6వ అధ్యాయం మొత్తం ఖర్చయింది. పాత నియమం తీసుకోండి. పగలు రాణి రాగలదు, కానీ మామూలు ఆడమనిషి బలంతోనే. రూపం మార్చుకోలేదు కాబట్టి ముఖానికి రంగు పూసుకుంటుంది. గొంతు పిసికే బలం లేదు కాబట్టి లేసులు, దువ్వెన, ఆపిల్. గ్రిమ్ కథలో ఉన్నదంతా ఉన్నట్టే ఉంటుంది, ప్రతిదానికీ కారణం మాత్రం వచ్చి చేరుతుంది. 6వ అధ్యాయాన్ని నిశ్చింతగా తీసేయొచ్చు.

ఇలా నియమాలు పెట్టాక వాటిని ఒకదానితో ఒకటి ఢీకొట్టించి చూడాలి. ఉదాహరణకి వేటగాడి ఘట్టం. మీరు ఊపిరితిత్తులు, కాలేయం తీసేసి "సీసాలో పిల్ల రక్తం" అని మార్చారు. రక్తపిశాచి కదా, రక్తమే బాగుంటుందని అనిపించడం సహజం. కానీ తరతరాలుగా రక్తం తాగుతున్న మనిషికి పంది రక్తం గుక్కలోనే తెలిసిపోదూ? వేటగాడి మోసం ఆ క్షణంలోనే బయటపడుతుంది. అద్దం మళ్ళీ చెప్పేదాకా రాణి నమ్మాలంటే మూలంలో ఉన్నట్టు వండించాలి, ఉప్పు వెయ్యాలి. సరే, వండింది తింటుందంటే రక్తపిశాచి మనుషుల తిండి తినగలదా అనే ప్రశ్న వస్తుంది. దీనికి "తినగలదు, కానీ అరగదు, రెండ్రోజులు మంచం పడుతుంది" అని నియమం పెట్టండి. ఎందుకంటే ఆ నియమం ఆపిల్ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

మూడో రాకలో పిల్ల తలుపు తియ్యదు. మూలంలో కూడా అంతే, కిటికీలోంచి తల బయటపెట్టి "ఎవర్నీ రానివ్వకూడదు" అంటుంది. రాణి ఆపిల్‌ని రెండుగా కోసి తెల్ల సగం తాను తిని, ఎర్ర సగం పిల్లకిస్తుంది. విషం ఎర్ర సగంలోనే ఉంది. మీ పిల్లకి పదహారేళ్ళు, రెండుసార్లు చావు తప్పింది. ఆమె బుద్ధిగా పరీక్ష పెట్టాలి. మరుగుజ్జుల దగ్గర రక్తపిశాచులు మనుషుల తిండి ముట్టవని వింది కాబట్టి "ముందు నువ్వు తిను అవ్వా" అంటుంది. అవ్వ తింటుంది. పరీక్ష నెగ్గింది కాబట్టి పిల్ల నమ్మింది. ఆమె తెలివితక్కువై మోసపోలేదు, సగం తెలిసిన నియమాన్ని పూర్తిగా నమ్మి మోసపోయింది. పాఠకుడికి మాత్రం వేటగాడి ఘట్టం గుర్తుంటుంది, రాణి తినగలదని తెలుసు. ఆపిల్ వస్తుందని పుస్తకం అట్ట చూడగానే తెలిసిన పాఠకుడే అక్కడ ఊపిరి బిగబడతాడు. "ముందే తెలిసిపోతోంది" అన్న ఫిర్యాదుకి నిజమైన మందు ఇదే. ఆపిల్‌ని దాచడం మీ తరం కాదు. పాఠకుడికి తెలిసి, పిల్లకి తెలియనిది ఒకటి ఉంచితే అదే కథని లాక్కెళుతుంది.

ఇక అద్దం. అందులో మాట్లాడేది ఎవరు? ఇది కథలోకెల్లా పెద్ద చిల్లు, దాదాపు అందరూ దాటేసేదీ ఇదే. ఒక దారి చెబుతాను. రాణి ఇంతకుముందు చంపిన అమ్మాయిల్లో ఒకరు అందులో ఉంటారు, కొత్తగా ఎవరైనా చావుకీ బతుక్కీ మధ్య పడుకుంటే ఆ అమ్మాయి వచ్చి పాత అమ్మాయి వెళ్ళిపోతుంది. అద్దం అబద్ధం చెప్పలేదు, అడిగినదానికే జవాబు చెప్పాలి, కానీ ఉన్న నిజాల్లో ఏది చెప్పాలో ఎంచుకోవచ్చు. ఒక నియమం, ఒక హద్దు, ఒక సందు. ఇంతకు మించి పెట్టొద్దు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, స్నో వైట్ నవలగా రాసే ప్రతివాళ్ళూ గాజు శవపేటిక దగ్గర ఆగిపోతారు. కథానాయిక స్పృహ లేకుండా పడి ఉంటుంది. "నేను" అని చెప్పే కథైతే మరీ కష్టం, చెప్పేవాళ్ళే నిద్రపోయారు. చాలామంది రాకుమారుడి కంఠంలోకి దూకుతారు, పాఠకుడు అక్కడ పుస్తకం మూసేస్తాడు. పై నియమం ప్రకారమైతే పిల్ల ఒళ్ళు పేటికలో, ప్రాణం అద్దంలో. రాణి వచ్చి ఎదురుగా నిలబడి అడుగుతుంది, జవాబు చెప్పాల్సింది ఈ పిల్లే. నిజమే చెప్పాలి. ఏ నిజం చెబితే రాణి అడవికి వెళ్ళి ఆ పేటికని కదిలిస్తుందో అది వెతుక్కుని చెబుతుంది. పేటిక కుదుపుకి ముక్క బయటపడుతుంది. మూలంలోని కుదుపు అలాగే ఉంది, అది తెప్పించింది మాత్రం కథానాయిక. ఈ వయసు పుస్తకాల్లో చిక్కుముడి విప్పేది కథానాయిక నిర్ణయం కావాలి. అదృష్టం విప్పినా, పెద్దవాళ్ళు వచ్చి విప్పినా పాఠకులు క్షమించరు.

పెళ్ళి పిలుపు సంగతి మీకే తట్టి ఉండాలి ఈపాటికి. మూడుసార్లు పిలుపు కోసం గడప బయట నిలబడ్డ మనిషికి చివర్లో పిలుపు దానంతటదే వస్తుంది. అది పంపింది పిల్ల. ఇనప చెప్పులు ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఉంచితే ఆజ్ఞ ఇచ్చిందెవరో తేల్చాలి. పదహారేళ్ళ పిల్ల ఆ ఆజ్ఞ ఇచ్చిందంటే ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టకూడదు. ఇవ్వలేకపోయిందంటే ఆ దయకి మూల్యం ఇంకొకరు చెల్లించాలి. ఏ ఒడ్డూ పట్టకుండా రాణి జారి నిప్పుల్లో పడింది అని రాస్తే మాత్రం మొత్తం నవల నీరుగారిపోతుంది.

చర్మం మంచులా తెల్లన, పెదవులు నెత్తురులా ఎర్రన, పేటికలో పడుకుని కుళ్ళని శవం... కాబట్టి పిల్లే అసలు రక్తపిశాచి అనే మలుపు మీకూ తోచి ఉంటుంది. అది చాలామంది నడిచి అరిగిపోయిన దారి. అదొక్కటే నమ్ముకుని 70,000 పదాలు రాయొద్దు.

కొలతల గురించి క్లుప్తంగా. ఈ కోవ నవలకి 60,000 నుంచి 80,000 పదాలు మామూలు. 70,000 అనుకుంటే 28 అధ్యాయాలు, ఒక్కోటి 2,500 పదాలు. పిల్ల అడవిలో పడటం 14,000 పదాల్లోపు జరగాలి. మీ చిత్తుప్రతిలో 22,000 అయినా ఇంకా కోటలోనే ఉంది, విసుగులో సగం వాటా దీనిదే. లేసులు 40 శాతం దగ్గర, దువ్వెన 52 దగ్గర, ఆపిల్ 68 దగ్గర పెట్టుకోండి. మూడు రాకలూ ఒకే దూరంలో, ఒకే పొడవులో ఉంటే కొలిచి పెట్టినట్టు కనిపిస్తాయి. లేసుల ఘట్టం పూర్తి అధ్యాయం, దువ్వెన మూడు పేజీలు, ఆపిల్ రెండు అధ్యాయాలు, అలా ఎగుడుదిగుడుగా ఉండాలి. ఏడుగురు మరుగుజ్జుల్ని విడివిడిగా నిలబెట్టడానికి ఈ నిడివి చాలదు. ఏడు మంచాలు ఉంచి మనుషుల్ని నలుగురికి తగ్గించండి. ఆ మూడు మంచాలు ఎందుకు ఖాళీ అన్నది వాళ్ళు చెప్పకుండా దాటేసే విషయం అవుతుంది. రాణి మీద వాళ్ళకి సొంత పగ ఉందని అర్థమవడానికి అది చాలు.

పాఠకుల వయసు విషయంలో 13 నుంచి 17 అని ఒకే గాటన కట్టడం కుదరదు. 13 ఏళ్ళవాళ్ళకి రాసే పుస్తకంలో భయం తలుపు అవతల ఉంటుంది, 16 ఏళ్ళవాళ్ళకి రాసేదాంట్లో ఇంట్లోనే ఉంటుంది. కన్నతల్లే చంపమన్నదన్న 1812 పాఠాన్ని తీసుకుంటే మీది రెండో రకం. కథానాయిక వయసు పాఠకుల కన్నా ఏడాది రెండేళ్ళు ఎక్కువ ఉంటే సరిపోతుంది.

సున్నితమైన చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది, అందరికన్నా అందగత్తె ఎవరన్న పోటీ. ఈ వయసులో అద్దం ఊరికే వస్తువు కాదు. అద్దం తీర్పు నిజమేనని నవల ఒప్పుకుంటే, అందంగా లేనన్న దిగులుతో చదివే పిల్లకి ఆ పుస్తకం మరో అద్దం అవుతుంది. మూలంలో రాణి ప్రశ్నలోని జర్మన్ మాటకి అందమని అర్థం ఉంచుతూనే, రాణి అడిగేది తన ముఖం ఇంకా మనిషి ముఖంలా ఉందా అని తిప్పొచ్చు. రెండోది, చావులాంటి నిద్ర. గాజు పెట్టె, పూలు, చుట్టూ ఏడ్చేవాళ్ళు... దీన్ని అందంగా వర్ణిస్తే చచ్చిపోతే అందరికీ నా విలువ తెలుస్తుందనే ఊహకి ఊపిరి పోసినట్టవుతుంది. పేటిక లోపలి నుంచి చూపించండి, ఉక్కిరిబిక్కిరిగా, బయటికి రావాలన్న తహతహతో. మూడోది రాకుమారుడు. పరిచయం లేని శవాన్ని ఇమ్మని అడిగే మనిషిని ప్రేమికుడిగా నిలబెట్టడం కష్టం, అతన్ని మొదటి సగంలోనే ఆమెకి తెలిసేలా పెట్టాలి, లేదా తీసేయాలి. మూడొందల ఏళ్ళ రక్తపిశాచి పదహారేళ్ళ పిల్లని ప్రేమించే ఉపకథ మీ సారాంశంలో కనబడింది. ఎంత పాతబడ్డ ఆచారమైనా దాన్ని వదిలేయండి. వయసులో తేడా కన్నా, ఒకరికి అన్నీ తెలిసి ఇంకొకరికి ఏమీ తెలియకపోవడం అక్కడ అసలు ఇబ్బంది.

హింసలో మూలం ఎంత దూరం వెళ్ళిందో తెలుసుకుని, ఏం చూపాలో మీరు నిర్ణయించుకోవాలి. సిండరెల్లా గ్రిమ్ పాఠంలో అక్కలు కాలివేలు, మడమ కోసుకుంటారు. కోత చూపించకుండా మేజోడు మీద పాకే ఎర్రదనం చూపిస్తే చాలు. కానీ నిద్రసుందరి కథకి పూర్వరూపం, 1634-36 మధ్య అచ్చయిన ఇటలీ రచయిత బసీలె సంపుటిలోది, నిద్రలో ఉన్న అమ్మాయిపై రాజు అత్యాచారం చేసిన కథ. దాన్ని తెలియక ప్రేమకథలా వాడుకున్న తిరగరాతలు ఉన్నాయి. తెలిసి వాడితే అది వేరే పుస్తకం, వేరే బాధ్యత.

భాష దగ్గర ఒక మాట. మీ సంభాషణల్లో సగం "రాకుమారీ, ఏమి నీ ధైర్యము" అన్నట్టు, సగం కాలేజీ క్యాంటీన్ మాటల్లా ఉన్నాయి. రెండూ వద్దు. ఇవాళ ఇంట్లో మాట్లాడే వాడుక భాషే రాసి, పాతకాలపు మాటని అద్దానికి మాత్రమే ఇవ్వండి. అప్పుడు దాని గొంతు వేరుగా వినబడుతుంది. ఈ ఏడాది పుట్టిన యాస మాటలు ఇంకో రెండేళ్ళకి ముతకబడతాయి. పిలుపుల్లో తెలుగుకున్న సౌకర్యం వాడుకోండి. వేషంలో ఉన్న రాణిని పిల్ల "అవ్వా" అంటుంది. ఆ అవ్వ మాటల మధ్యలో కోటలో పిలిచే ముద్దుపేరుతో ఒక్కసారి పొరపాటున పిలిస్తే, పిల్ల గమనించకపోయినా పాఠకుడు గమనిస్తాడు. రక్తపిశాచి అన్న మాటని మీరు 22,000 పదాల్లో వందసార్లకి పైగా వాడినట్టున్నారు. మొదటి సగంలో ఒక్కసారి కూడా లేకుండా రాసి చూడండి. కోటలో వాళ్ళు ఆ సంగతిని ఏ మాటతో దాటేస్తారో అదే దాని పేరు.

హక్కుల గురించి కూడా అడిగారు. గ్రిమ్, ఫ్రెంచి రచయిత పెరో, డెన్మార్క్ రచయిత ఆండర్సన్ మూలకథలు ఎవరైనా వాడుకోవచ్చు. ఆధునిక అనువాదాలకి మాత్రం హక్కులుంటాయి, వాటిలో వాక్యాలు ఎత్తకూడదు. సినిమాలు కలిపినవాటి జోలికీ పోవద్దు: 1937 సినిమా మరుగుజ్జులకి పెట్టిన పేర్లు, 1989 సినిమా జలకన్యకి, సముద్ర మంత్రగత్తెకి పెట్టిన పేర్లు అలాంటివి. ఆండర్సన్ 1837 కథలో జలకన్యకి పేరే లేదు. ఒక వివరం మూలానిదో సినిమాదో అనుమానం వస్తే మూలం తెరిచి చూడటమే, జ్ఞాపకాన్ని నమ్మొద్దు.

స్నో వైట్ మీద మనసు విరిగిపోతే, చిల్లులు ఇంకా పెద్దగా ఉండి ఇంత అరిగిపోని కథలు అదే సంపుటిలో ఉన్నాయి. 28వ కథలో చంపి పూడ్చిన తమ్ముడి ఎముకతో కాపరి ఊదుకునేది చేస్తే, అది హంతకుడెవరో పాడి చెబుతుంది. దెయ్యం కథకి ఇంతకన్నా తయారుగా ఉన్న అస్థిపంజరం దొరకదు. 46వ కథలో మాంత్రికుడు ఇద్దరక్కల్ని ముక్కలు చేస్తే మూడో పిల్ల ఆ ముక్కలు పేర్చి బతికిస్తుంది, ఒళ్ళంతా తేనె పూసుకుని ఈకల్లో దొర్లి పక్షిలా తప్పించుకుంటుంది. ఆమెకి ఆ విద్య ఎలా వచ్చిందో కథ చెప్పదు. అదే మీ నవల. 49వ కథలో అన్నల కోసం ఆరేళ్ళు మాట్లాడకుండా, నవ్వకుండా చొక్కాలు కుడుతుంది చెల్లెలు, చివరి చొక్కాకి ఒక చెయ్యి పూర్తికాక చిన్నన్నకి హంస రెక్క ఉండిపోతుంది. శాపం తీరాక రెక్కతో బతికే కుర్రాడి కథ రాసేవాళ్ళు రాస్తూనే ఉన్నారు, అయినా చోటు మిగిలే ఉంది. ఎర్రటోపీ పిల్ల కథకి 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ పల్లెల్లో సేకరించిన పాఠాల్లో కొన్నిట్లో తోడేలు బదులు తోడేలు-మనిషే ఉంటాడు, వేటగాడు రాడు, పిల్ల తన తెలివితోనే తప్పించుకుంటుంది. మీ తోడేలు-మనుషుల తెగ ముచ్చట అక్కడ తీర్చుకోండి, ఇక్కడ కాదు.

ఉన్న 8 అధ్యాయాల్లో 1, 2 కలిపి ఒకటి చెయ్యండి. పుట్టుక, మంచు, రక్తపు చుక్కలు అందరికీ తెలుసు, వాటిని అర పేజీకి కుదించి ఖాళీ అద్దం ముందు నిలబడ్డ రాణితో మొదలుపెట్టండి. 3 బాగుంది, దాంట్లో గడప నియమం కనిపించే చిన్న సంఘటన ఒకటి దూర్చండి. 4, 5లలో వంశచరిత్ర మొత్తం కోసేస్తే ఒక అధ్యాయం మిగులుతుంది. 6 పోయింది. 7లో సీసాని తీసేసి పళ్ళెం పెట్టండి, రాణి తిన్నాక రెండ్రోజుల జ్వరం ఇక్కడే పడాలి. 8లో పిల్ల అడవిలోకి పరిగెత్తేసరికి మొత్తం 13,000 పదాలు దాటకపోతే, లేసుల ఘట్టానికి వెళ్ళొచ్చు. అది రాసేటప్పుడు ముందు తలుపు గడియ ఏ వైపు ఉందో, కిటికీ ఎంత ఎత్తులో ఉందో బొమ్మ గీసుకోండి. మూడు రాకలూ ఆ ఒక్క గుమ్మం చుట్టూనే జరుగుతాయి.